‘లుడ్విగ్’ చూశారా? పజిళ్ళు కట్టే మనిషి డిటెక్టివ్ అయితే…

వశిష్ఠ_గట్టు (పాలకొల్లు)
అందరికీ నమస్కారం. బీబీసీ వాళ్ళ ‘లుడ్విగ్’ ఆరు ఎపిసోడ్లూ రెండు రాత్రుల్లో చూసేశాను. ఎవరెవరు చూశారో చెప్పండి, మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది. హంతకుల పేర్లు మాత్రం ఎవరూ బయటపెట్టొద్దు, దయచేసి.

చూడనివాళ్ళ కోసం కథ ఎత్తుగడ చెప్తాను. జాన్ టేలర్ అని ఒకాయన. పజిళ్ళు తయారుచేయడమే ఆయన వృత్తి, ‘లుడ్విగ్’ కలంపేరు. ఒంటిగా ఉంటాడు, గడప దాటాలంటేనే టెన్షన్. ఆయన కవల సోదరుడు జేమ్స్ కేంబ్రిడ్జ్ పోలీసుల్లో పెద్ద డిటెక్టివ్. ఆ జేమ్స్ ఉన్నట్టుండి మాయమైపోతాడు. జేమ్స్ భార్య లూసీ ఈయన్ని పిలిపించి, నువ్వూ ఆయనా అచ్చు గుద్దినట్టు ఉంటారు కదా, ఆయనలాగా స్టేషన్‌కి వెళ్ళి ఆయన నోట్‌బుక్ పట్టుకొచ్చెయ్ అంటుంది. పట్టుకొద్దామని వెళ్ళినవాణ్ణి జేమ్సే అనుకుని హత్య కేసుకి లాక్కుపోతారు. పోలీసు పని ఓనమాలు తెలియని మనిషి. అనుమానితులు చెప్పిన మాటలన్నీ గళ్ళ పజిల్‌లా పేర్చుకుని, అక్కడికక్కడే తేల్చేస్తాడు.

నాకు ఇది ఎందుకు గుచ్చుకుందో కూడా చెప్పాలి. మా చిన్నాన్న ఇలాంటి మనిషే. పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో శుభకార్యం జరిగితే వెనక గదిలో ఉండిపోతాడు. పొద్దున్నే పేపరు రాగానే పదవినోదం పేజీ జాగ్రత్తగా మడతపెట్టి, పెన్సిల్‌ని బ్లేడుతో చెక్కుతాడు. ఆ పొట్టు కింద పడకుండా పాత కవరులో పోస్తాడు. అరగంటలో గళ్ళన్నీ నిండిపోతాయి. వయసులో ఉన్నప్పుడు ఒక ఆఫీసులో ఇంటర్వ్యూకి వెళ్తే, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడకుండా జవాబులు చెప్తున్నాడని అక్కడే నవ్వారట. మళ్ళీ ఏ ఉద్యోగానికీ వెళ్ళలేదు. మా బంధువుల్లో ఆయన్ని ‘పిచ్చి బాబాయ్’ అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఈ సీరియల్లో జాన్‌ని చూసి మనం నవ్వుతాం. కానీ ఆయన్ని నవ్వులపాలు చేయలేదు. ఆ తేడా పట్టుకున్నందుకు రాసినవాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

భీమవరం_బుల్లోడు
నేను చూశాను అన్నా. జాన్‌గా వేసిన డేవిడ్ మిచెల్ కామెడీకి పేరున్న మనిషి కదా, అతి చేస్తాడేమో అని భయపడ్డాను. అస్సలు చేయలేదు. మొదటిసారి స్టేషన్‌లోకి అడుగుపెట్టినప్పుడు ఆయన ముఖం చూస్తే, పరీక్ష హాల్లోకి చదవకుండా వచ్చిన పిల్లాడిలా ఉంది.

కవలలు తారుమారవడం మనకి కొత్తా? 1964లో ‘రాముడు భీముడు’లో రామారావు గారు చేసి చూపించారు. అక్కడ పిరికివాడి చోటుకి ధైర్యవంతుడు వెళ్ళి కొరడా పట్టుకుంటాడు. ఇక్కడ ధైర్యవంతుడి కుర్చీలో పిరికివాడు కూర్చుంటాడు. చేతిలో కొరడా లేదు, పెన్సిల్ ఉంది. అందుకే నాకు నచ్చింది.

అమలాపురం_అమ్మాయి (హైదరాబాద్ నుంచి)
నాకు సగమే నచ్చింది. మీ చిన్నాన్న గారి గురించి చదివాక ఇలా రాయడం కష్టంగా ఉంది, కానీ మనసులో ఉన్నది చెప్పాలి కదా.

నేను సుడోకు, లాజిక్ పజిళ్ళు రోజూ చేస్తాను. పజిల్ అంటే ఒక ఒప్పందం. ఆధారాలన్నీ కాగితం మీద ఉండాలి. వాటితో ఒక్క జవాబే రావాలి, ఊహించి రాయాల్సిన అవసరం రాకూడదు. ‘లుడ్విగ్’లో చాలాచోట్ల ఆ ఒప్పందం నిలబెట్టుకోలేదు. జాన్‌కి కనిపించింది మనకి ముందుగా చూపించరు. చివర్లో ఆయన గబగబా వివరిస్తుంటే మనం తల ఊపుతాం, అంతే. రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను. ఆయన చెప్పిన లెక్క ఇంకొకరికి కూడా సరిపోతుంది. నిజం పజిల్‌లో అది తప్పు.

ఇంకోటి, ఏళ్ళ తరబడి పక్కపక్కన పనిచేసినవాళ్ళకి మనిషి మారిపోయాడని అన్ని రోజులు అనుమానం రాకపోవడం. మా ఆఫీసులో నేను జడ మార్చి వేసుకుంటేనే నలుగురు అడుగుతారు!

మాజీ_ఏఎస్సై (తణుకు)
ఆయ్, నేనూ చూశానండి. మా మనవరాలు పెట్టి చూపించింది. 30 ఏళ్ళకి పైగా డిపార్ట్‌మెంట్‌లో చేశాను కాబట్టి నాలుగు మాటలు.

మన దగ్గర జాన్‌లాగా పోలీసు ఆఫీసరు వేషం వేస్తే అదే పెద్ద కేసు. ప్రభుత్వోద్యోగిగా నటించడం భారతీయ న్యాయ సంహితలో 204వ సెక్షన్, పాత ఐపీసీలో 170. ఇక ఆయన అందరి ముందూ నిలబెట్టి వివరించగానే హంతకుడు ఒప్పేసుకుంటాడు చూడండి, మన కోర్టులో దానికి విలువ లేదు. పోలీసు ఎదుట ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టు కాదు. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో 23. ఒప్పుకున్నాక అసలు పని మొదలవుతుంది. ఆయుధం ఎక్కడ దొరికింది, ఎవరు చూశారు, మధ్యవర్తుల సంతకాలున్నాయా, శవ పంచనామాలో ఏం రాశారు అని లాయరు ఒక్కో కాగితం పట్టుకుని అడుగుతాడు.

ఒక ముచ్చట కూడా చెప్పాలి. అచ్చు గుద్దినట్టుండే కవలల డీఎన్ఏ మామూలు పరీక్షలో ఒకేలా కనిపిస్తుంది. వేలిముద్రలు మాత్రం వేరుగా ఉంటాయి. అంటే జాన్‌ని పట్టించేది ఆయన ముట్టుకున్న టీ కప్పే.

అయినా ఈ సీరియల్లో ఒక నిజం ఉందండి. ఎవరు ఎప్పుడు ఎక్కడున్నామన్నారో పక్కపక్కన రాసుకుని చూడటం మేమూ చేసేవాళ్ళం. ఒకసారి గొడవ కేసులో ఒకడు, ఆ సాయంత్రం సఖినేటిపల్లి నుంచి పంటు (మనుషుల్నీ బండ్లనీ రేవు దాటించే పడవ) మీద నరసాపురం దాటాను అన్నాడు. చాలా నమ్మకంగా, టికెట్ ఎంతో కూడా చెప్పాడు. మా రైటరు, అంటే స్టేషన్‌లో రాతకోతలు చూసే ఆయన, ఏమీ అనకుండా తేదీ చూసి, ఆ రోజు వరదకి రేవులో పంటు ఆపేశారు కదయ్యా అన్నాడు. అంతే, వాడి గొంతులో తడి ఆరిపోయింది. ఆ రైటరూ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. భోజనానికి అందరితో కూర్చునేవాడు కాదు. మేమంతా ఆయన్ని వింతగానే చూశాం. ఇప్పుడు బాధగా ఉంది.

భీమవరం_బుల్లోడు
బాబాయ్ గారూ, పంటు అంటే గుర్తొచ్చింది. కేంబ్రిడ్జ్‌లో కామ్ నది మీద పొడుగు గెడతో తోసే పడవల్ని కూడా పంట్ అనే అంటారు. మాట ఒకటే. వాళ్ళది విహారానికి, మనది మోటారు సైకిళ్ళూ ఆటోలూ ఎక్కించడానికి.

రాజోలు_ఆడపడుచు
మా అమ్మకి ఇంగ్లీషు రాదు. చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ నా పక్కన కూర్చుని, ఏమన్నాడే, ఏమన్నాడే అని అడుగుతుంటే నేను తెలుగులో చెప్తూ చూశాం. మూడో ఎపిసోడ్ వచ్చేసరికి అడగడం మానేసింది. ముఖాలు చూసి అర్థం చేసుకుంటోంది.

అమ్మకి హత్యల గొడవ పట్టలేదు. లూసీ గురించే ఆలోచన. మొగుడు ఏమయ్యాడో తెలియదు. ఎదురుగా అదే ముఖం, అదే ముక్కు, అదే చెయ్యి, కానీ మనిషి ఆయన కాదు. ఆ పిల్లకి ఆ ఇంట్లో అన్నం ఎలా దిగుతోందే అంది అమ్మ. మా నాన్న పోయిన ఏడాది మా పెదనాన్న గుమ్మంలో నిలబడితే అమ్మ లోపలికి వెళ్ళిపోయేది. గొంతు ఒకటే కదా ఇద్దరిదీ. నాకు అప్పుడు అర్థం కాలేదు.

లూసీ పాత్రని నటి అన్నా మాక్స్‌వెల్ మార్టిన్ ఎంత బాగా చేసిందో! ఎక్కడా ఏడ్చి గోల చేయదు.

తెలుగు_మాస్టారు (కడియం)
అమ్మాయి గారి అభ్యంతరం న్యాయమైనదే. కానీ దీన్ని ఇంకో వైపు నుంచి చూడమని మనవి.

మనకు సమస్యాపూరణం ఉంది. పృచ్ఛకుడు, అంటే ప్రశ్న అడిగేవాడు, పొంతన లేని చివరి పాదం ఇస్తాడు, కవి ముందు మూడు పాదాలు కట్టి దానికి అర్థం రప్పిస్తాడు. ‘కుంజరయూథంబు దోమ కుత్తుక జొచ్చెన్’ అన్నది అందరికీ తెలిసిందే. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరడమేమిటి? తెనాలి రామకృష్ణుడిదిగా చెప్పుకునే పూరణలో, పాండవులంతటి వాళ్ళు విరటుడి కొలువులో ఊడిగం చేయాల్సి వచ్చిందని చెప్పగానే ఆ అసంబద్ధం కాస్తా గుండెని పట్టేస్తుంది. హత్య కథ కూడా ఇంతే. శవం చివరి పాదం. ముందు మూడు పాదాలూ డిటెక్టివ్ వెతకాలి.

ఇంకో సంగతి గమనించారా? ఆ పూరణలో ఉన్నది అజ్ఞాతవాసం. జాన్‌దీ అజ్ఞాతవాసమే. తనది కాని పేరుతో, తనది కాని కొలువులో, బయటపడితే అంతా పోతుందన్న భయంతో. అటువంటి చోట అర్జునుడంతటివాడు బృహన్నల కావలసి వచ్చింది.

మా కడియంలోనే 1870లో పుట్టారు చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారు. ఆయన జంటకవి దివాకర్ల తిరుపతిశాస్త్రి గారిది భీమవరం దగ్గర యండగండి. ఆ జంట అవధానాలకి పెట్టింది పేరు. అష్టావధానంలో ఎనిమిది మంది ఎనిమిది వైపుల నుంచి లాగుతుంటారు. ఒకరు నిషిద్ధాక్షరి అంటూ ఫలానా అక్షరం వాడొద్దంటారు, ఒకరు గంట కొడతారు, ఒకరు అప్రస్తుత ప్రసంగంతో ధ్యాస చెదరగొడతారు. స్టేషన్‌లో అందరూ జాన్‌ని జేమ్స్ అనుకుని ఏవేవో పలకరిస్తుంటే, ఆయన ఒక చెవితో వింటూ లోపల గళ్ళు నింపుకుంటున్నప్పుడు నాకు అవధాన సభే గుర్తొచ్చింది.

అమలాపురం_అమ్మాయి
మాస్టారూ, అజ్ఞాతవాసం మాట చాలా బాగుంది. నేను అలా ఆలోచించలేదు. కానీ ఒక్క మాట. సమస్యకి పది మంది పది పూరణలు చేయవచ్చు, పదీ మెచ్చుకోవచ్చు. హత్యకి పది జవాబులు ఉండకూడదు కదండీ! తప్పు జవాబు వస్తే ఒక నిరపరాధి జైలుకి వెళ్తాడు.

తెలుగు_మాస్టారు (కడియం)
ఒప్పుకుంటున్నానమ్మా. అది గట్టి మాట.

నరసాపురం_రేవు
పెద్దలకు నమస్కారం. వింత డిటెక్టివ్‌లు అనగానే నాకు 1985 దూరదర్శన్ గుర్తొస్తుంది. మా వీధిలో ఒకే టీవీ. ‘కరమ్‌చంద్’లో పంకజ్ కపూర్ క్యారట్ నములుతూ వస్తుంటే, హిందీ ముక్క రాని మేమంతా నేల మీద కూర్చుని చూసేవాళ్ళం. ఆ తర్వాత 1993లో బ్యోమ్‌కేశ్ బక్షీగా రజిత్ కపూర్ వచ్చాడు. ఆయనకి క్యారట్ లేదు, నల్ల కళ్ళజోడు లేదు, మామూలు ధోవతి మనిషి. కరమ్‌చంద్ నన్ను నవ్వించాడు. బ్యోమ్‌కేశ్ మాత్రం ఆలోచించడం నేర్పాడు.

తర్వాత అమెరికా వాళ్ళ ‘మాంక్’ మొత్తం చూశాను, 2002 నుంచి 2009 వరకు ఎనిమిది సీజన్లు. అందులో డిటెక్టివ్ మాంక్‌కి సూక్ష్మజీవులంటే భయం, ఎత్తంటే భయం, వస్తువులు వరస తప్పితే భయం. వారానికో హత్య తేలుస్తాడు, సొంత భార్య హత్య మాత్రం చివరిదాకా తేలదు. ‘లుడ్విగ్’లోనూ అదే దారం. ఎవరెవరి కేసులో ఇట్టే విప్పేస్తాడు, తోడబుట్టినవాడు ఎక్కడున్నాడో తెలియదు. ఆ లోటు లేకపోతే ఈ వింత అలవాట్లన్నీ పైపై అలంకారాలే. క్యారట్ ఎంతసేపని చూస్తాం?

రావులపాలెం_అరటి
అమ్మాయి గారి మాట నిజమే అనిపించి, అసలు ఆ గళ్ళ పద్ధతి ఏమిటో చూద్దామని నేనే ఒకటి కట్టాను. మా అరటి యార్డు మీదే.

ముగ్గురు రైతులు: సత్తిబాబు, నాగమణి, వీర్రాజు. మూడు రకాల గెలలు: కర్పూర, చక్కెరకేళి, అమృతపాణి. ఒకరు 5 గంటలకి వచ్చారు, ఒకరు 6కి, ఒకరు 7కి. ఎవరు ఏ గెలతో ఎన్నింటికి వచ్చారు?
ఆధారం 1: చక్కెరకేళి తెచ్చినవాళ్ళు నాగమణి కంటే ముందు వచ్చారు.
ఆధారం 2: వీర్రాజు కర్పూర తేలేదు, 5 గంటలకి రాలేదు.
ఆధారం 3: అమృతపాణి వచ్చింది 7కి.

జవాబు నా దగ్గర ఉంది. చెప్పండి చూద్దాం.

రాజోలు_ఆడపడుచు
వీర్రాజు అమృతపాణి, 7 గంటలు. నాగమణి కర్పూర, 6. సత్తిబాబు చక్కెరకేళి, 5. అమ్మా నేనూ కలిసి చేశాం!

రావులపాలెం_అరటి
సరిగ్గా అదే అక్కా.

వశిష్ఠ_గట్టు (పాలకొల్లు)
ఒక్క నిమిషం. ఇది ప్రింటు తీసి మా చిన్నాన్న ముందు పెట్టాను. పెన్సిల్ కూడా తీయలేదు. ఓ రెండు నిమిషాలు కిటికీ వైపు చూసి, ‘ఇది పూర్తి కాలేదు, రెండు వస్తున్నాయి’ అన్నాడు. నేను అదేమిటి, జవాబు చెప్పేశారు కదా అన్నాను. అప్పుడు కాగితం వెనక రాసిచ్చాడు: సత్తిబాబు కర్పూర 5, వీర్రాజు చక్కెరకేళి 6, నాగమణి అమృతపాణి 7. మూడు ఆధారాలకీ సరిపోతోంది, చూసుకోండి.

రావులపాలెం_అరటి
అయ్యయ్యో, నిజమే! చక్కెరకేళి 6కి, నాగమణి 7కి. మొదటి ఆధారం తప్పలేదు. వీర్రాజు 5కి రాలేదు, కర్పూర తేలేదు. అన్నీ సరిపోయాయి. నేను నా జవాబు వైపు నుంచే చూసుకున్నాను, రెండోది ఉంటుందని అనుకోలేదు.

అమలాపురం_అమ్మాయి
నేను చెప్పాలనుకున్నది ఇదేనండి! రాసినవాళ్ళకి హంతకుడెవరో ముందే తెలుసు కాబట్టి, ఇంకొకడికి సరిపోతుందేమో అని వెతకరు. మీ చిన్నాన్న గారు వెతికారు. నిజంగా జాన్‌లాంటి మనిషి కేసు చేపడితే ముందు వెతికేది అదే. రచయిత జాన్ పక్కన కూర్చుని ఉంటే, జాన్ ఆయన్ని ఆపి ఉండేవాడు.

మాజీ_ఏఎస్సై (తణుకు)
అమ్మా, అక్షరాలా నిజం. కేసుల్లో మేం పొరపడింది ఎప్పుడూ అక్కడే. మనసులో ఒకణ్ణి అనుకున్నాక ప్రతి కాగితమూ వాడి వైపే చూపిస్తుంది. ‘రెండు వస్తున్నాయి’ అని చెప్పే మనిషి ప్రతి స్టేషన్‌లోనూ ఒకరుండాలి. పాలకొల్లు అబ్బాయీ, మీ చిన్నాన్న గారికి నా నమస్కారాలు చెప్పు.

రావులపాలెం_అరటి
సరిచేశాను. నాలుగో ఆధారం: 5 గంటలకి కర్పూర గెల దిగలేదు. ఇప్పుడు ఒక్కటే వస్తుంది. చిన్నాన్న గారికి చూపించన్నా, తప్పుంటే చెప్పమను.

వశిష్ఠ_గట్టు (పాలకొల్లు)
చూపించాను. ‘ఇప్పుడు బాగుంది’ అన్నాడు. మా ఇంట్లో ఆయన నోట ఆ మాట వినడం నాకు తెలిసి ఇదే మొదటిసారి.

నిన్న రాత్రి మొదటి ఎపిసోడ్ ఆయనతో కూర్చుని చూశాను. నేపథ్యంలో బీథోవెన్ బాణీ మారినప్పుడల్లా వేలితో చాప మీద తాళం వేస్తున్నాడు. జాన్ గళ్ళు గీయడం మొదలుపెట్టగానే ముందుకి వంగాడు. అంతా అయ్యాక ఏమీ అనలేదు. పడుకోబోయే ముందు వచ్చి, రేపు ఎన్నింటికి పెడతావు అని అడిగాడు. రెండో సిరీస్ కూడా తీస్తున్నామని బీబీసీ ప్రకటించిందని చెప్పాను. తల ఊపాడు.

పొద్దున్న పేపరు అంచు చింపి ఇది రాసిచ్చాడు, ‘వాళ్ళకి పంపు’ అని. ఉన్నది ఉన్నట్టు పెడుతున్నాను:

అడ్డం: మన డెల్టాలో ఊరు. అయిదు గళ్ళు. చివర ‘పురం’.

భీమవరం_బుల్లోడు
అమలాపురం!

రావులపాలెం_అరటి
మా పక్కనే ఆత్రేయపురం ఉంది కదా, పూతరేకుల ఊరు. ఆ, త్రే, య, పు, రం. అదీ అయిదే.

తెలుగు_మాస్టారు (కడియం)
తెలుగు గడిలో హల్లూ అచ్చూ ఒత్తూ అన్నీ కలిసి ఒకే అక్షరంగా కూర్చుంటాయి. ‘త్రే’కి ఒక్క గడి చాలు. కాబట్టి ఆత్రేయపురమూ సరిపోతుంది. ఇంగ్లీషు గళ్ళలో ఒక గడికి 26 అక్షరాలే. మనకు గుణింతాలూ సంయుక్తాక్షరాలూ కలిపితే వందల్లో. ఒక్క అక్షరం దొరికితే దారి చాలా తేటపడుతుంది. ఆయన ఇంకో ఆధారం ఇచ్చి ఉండాలే?

వశిష్ఠ_గట్టు (పాలకొల్లు)
కాగితం రెండో వైపు ఉంది మాస్టారూ, నేను ఇప్పుడే తిప్పాను.

నిలువు (అడ్డంలోని మూడో గడి నుంచి): పొద్దు వాలే వేళ. మూడు గళ్ళు.

నరసాపురం_రేవు
నిలువు దొరికింది. మూడో గడిలో ‘లా’ కుదరదు, ‘య’ కుదరదు. మా ఊరి పేరు అడిగినందుకు చిన్నాన్న గారికి థాంక్స్ చెప్పండి. రేపటిది కూడా పంపమనండి.